అంచు వదలకుంటేనే ఎత్తు

మన గృహపత్రికలో సహోద్యోగ మిత్రులు రాసిన తీర్థయాత్రా విశేషాలు, విదేశీ శిక్షణానుభవాలు, మనుమల ముచ్చట్లు ఇన్నేళ్ళుగా ఆసక్తితో చదువుతూ వస్తున్నాము. ఈసారి మా వంతుగా ఒక ఆటను గురించి రాయదలచాము. ఆ ఆటను మేము ఆడలేదు. యాభై ఆరేళ్ళ వయస్సులో ఆడే సాహసమూ లేదు. అయినా 2024 మే నెలలో ఆర్జిత సెలవు పెట్టి అమెరికా వెళ్ళిన నాలుగు వారాలూ మా ఆలోచన అంతా ఆ ఆట చుట్టూనే తిరిగింది. ఆడుతున్నది మా అమ్మాయి కావడమే అందుకు కారణము.

ఆట పేరు వేక్‌బోర్డింగ్. వేగంగా పోయే మోటారు పడవకు తాడు కట్టి, ఆ తాడు చివరనున్న పిడిని పట్టుకొని, రెండు పాదాలనూ ఒకే పలకకు బిగించుకొని నీటిపై జారుతూ పోవడము; పడవ వెనుక రెండు వైపులా బారులు తీరి లేచే అలలలో ఒకదానిని మెట్టుగా చేసుకొని గాలిలోకి ఎగరడము; ఎగిరి, రెండవ అలను దాటి దిగడము. స్థూలంగా ఇదీ ఆట. గట్టిగా కాళ్ళతో తన్ని దూకితే ఎత్తు వస్తుందని చూసేవారికి తోస్తుంది. మాకూ మొదట అలాగే తోచింది. ఆ ఎత్తు నిజానికి ఎక్కడ నుంచి వస్తుందన్నదే ఈ వ్యాస విషయము.

ఆట పూర్వాపరాలు

నీటిపై పలకల మీద జారే ఆటకు అమెరికాలో నూరేళ్ళ చరిత్ర ఉన్నది. 1922లో మిన్నెసోటా రాష్ట్రంలోని పెపిన్ సరస్సుపై రాల్ఫ్ శామ్యూల్సన్ అనే యువకుడు, రెండు చెక్క పలకల కొనలను మరిగే నీటిలో ఉంచి పైకి వంచి, పడవ వెనుక వాటిపై నిలబడి చూపాడు. ఫ్లోరిడా రాష్ట్రంలోని వింటర్ హేవెన్‌లో డిక్ పోప్ 1936లో తెరిచిన సైప్రస్ గార్డెన్స్ తరువాతి దశాబ్దాలలో నీటి స్కీ ప్రదర్శనలకు పేరుపొందింది. ఆ ఉద్యానము 2009లో మూతపడింది. 2011లో అదే స్థలంలో లెగోలాండ్ తెరిచారు.

ఒకే పలకపై పక్కకు తిరిగి నిలబడే పద్ధతి 1980ల నాటిది. 1985లో కాలిఫోర్నియాకు చెందిన టోనీ ఫిన్ ‘స్కర్ఫర్’ అనే పలకను తెచ్చాడు. ఇంచుమించు అదే కాలంలో టెక్సాస్‌లో జిమ్మీ రెడ్‌మన్ తన పలకలకు పాదాల పట్టీలు బిగించాడు. పాదము పలకను వీడకుండా ఉన్నప్పుడే గాలిలోకి లేవడానికి అర్థమున్నది కనుక ఆ పట్టీలు చిన్న మార్పు కావు. 1990 ప్రాంతంలో హెర్బ్ ఒబ్రయన్ రూపొందించిన ‘హైపర్‌లైట్’ పలకతో ఆట నేటి రూపానికి దగ్గరయింది. 1996లో ఎక్స్ గేమ్స్ పోటీలలో దీనికి చోటు దొరికింది. ఆ దశకంలోనే పడవలపై గొట్టాల టవర్లు వచ్చి, తాడును పడవ వెనుక భాగంలో కిందుగా కట్టే పద్ధతి పోయి, తలకన్న ఎత్తున కట్టడం మొదలయింది. తాడు కిందుగా ఉంటే ఎగిరిన మనిషిని కిందికి లాగుతుంది. ఎత్తున ఉంటే లాగదు. ఇంత సులభమైన సంగతి ఆచరణకు రావడానికి కొన్నేళ్ళు పట్టింది. మన కర్మాగారంలోనూ ఇటువంటి ఉదాహరణలు మిత్రులకు గుర్తుకు రాకపోవు.

పడవలో నీళ్ళు నింపుట

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా ఓర్లాండో సమీపంలో ఉంటున్నారు. ఆ ప్రాంతమంతా సరస్సులే. మన కోనసీమలో ఇంటికొక కొబ్బరి తోట ఉన్నట్లు అక్కడ పేటకొక సరస్సు. కొన్నింటిలో మొసళ్ళ జాతికి చెందిన ఆలిగేటర్లు కూడా ఉంటాయని తెలిసి మా శ్రీమతి మొదటి రోజు గట్టు దిగలేదు.

అల్లుడు, అతని మిత్రులు కలిసి కొన్న పడవ అది. మూడు వందల అశ్వశక్తికి పైబడిన ఇంజను. బయలుదేరే ముందు అల్లుడు ఒక పంపు మీట నొక్కాడు. సరస్సు నీరు పడవ అడుగున ఉన్న సంచులలోకి ఎక్కసాగింది. మాది గోదావరి ఒడ్డు. పడవలోకి నీరు వస్తే తోడి పోయడమే మేము చిన్ననాటి నుంచి చూసినది. “పడవలో నీళ్ళు పోసుకోవడమేమిటి బాబూ!” అని మా శ్రీమతి ఆందోళన పడింది. “అల పెద్దదవ్వాలంటే పడవ బరువెక్కాలి అత్తయ్యగారూ” అన్నాడు అల్లుడు. ఆర్కిమిడీస్ సూత్రమే. పడవ ఎంత బరువైతే అంత నీటిని తొలగిస్తుంది. తొలగిన నీరు వెనుక కలిసేటప్పుడు లేచే అల అంత పెద్దదవుతుంది. ఒక టన్ను నీటిని ఇలా ఎత్తుకొని తిరగడం ఈ పడవలకు సాధారణము.

తాడు విషయం మమ్మల్ని మరింత ఆకర్షించింది. ఉద్యోగ జీవితంలో అధిక భాగం క్రేన్ల తాళ్ళ మధ్య గడిపిన వాళ్ళము. ఈ తాడు ఉక్కు కాదు; డైనీమా అనే పాలిథిలీన్ నార. చిటికెన వేలంత లావు లేదు, కాని దాదాపు సాగదు. సాగే తాడు ఈ ఆటకు పనికిరాదు. బిగువుగా లాగినప్పుడు అందులో దాగిన శక్తి మనకు కావలసిన క్షణంలో కాక ఆ క్షణం దాటిన తరువాత తిరిగి వస్తుంది. తాడు పొడవును అయిదేసి అడుగుల చొప్పున తగ్గించుకొనేందుకు ఉచ్చులు వేసి ఉంటాయి. తాడు పొడుగైతే రెండు అలల మధ్య దూరం పెరుగుతుంది, పొట్టిదైతే తగ్గుతుంది. ఈ చిన్న వివరమే తరువాత మాకు అక్కరకు వచ్చింది.

మోకాలి మీది గీత

వెళ్ళిన రెండవ రోజుననే అమ్మాయి ఎడమ మోకాలి మీద గీత ఒకటి మా శ్రీమతి కంటపడింది. అడిగితే మొదట నవ్వింది, తరువాత చెప్పింది. 2022లో ఆ సరస్సులోనే ఎగిరి దిగేటప్పుడు మోకాలిలోని ముందరి స్నాయువు తెగింది. శస్త్రచికిత్స చేసి, తన తొడ వెనుక నుంచే తీసిన స్నాయువు ముక్కను అక్కడ అమర్చారు. పది నెలలు వ్యాయామ చికిత్స. ఆ పది నెలలూ వారం వారం ఫోనులో మాతో మాట్లాడుతూనే ఉన్నది. ఒక్క మాట చెప్పలేదు. “చెబితే మీరు ఉన్నపళాన విమానమెక్కేవారు. నాన్నకు అప్పుడు షట్‌డౌన్ పనులు కదా” అన్నది.

అమ్మాయిని మేము ఏమీ అనలేదు. ఆ రాత్రి మా శ్రీమతి చాలాసేపు నిద్రపోలేదు.

డాక్టరు అనుమతి ఇచ్చిన తరువాత అమ్మాయి తిరిగి పలక ఎక్కింది. జారడం వచ్చింది, అంచు మార్చడం వచ్చింది, చిన్న చిన్న ఎగురుళ్ళు వచ్చాయి. కాని పూర్వంలా ఒక అల నుంచి రెండవ అల దాకా చేరలేకపోతున్నది. ప్రతిసారీ కొంచెంలో తక్కువ. ఇంకా దూరం నుంచి, ఇంకా వేగంగా వచ్చి చూసింది. అల దగ్గర శక్తికొలదీ తన్ని చూసింది. అల్లుడు సంచులలో నీరు పెంచి చూశాడు. ఎత్తు పెరగలేదు. “నాన్నా, మీరు లెక్క వేసి చెప్పండి, ఎక్కడ పోతోంది నా ఎత్తు?” అని అడిగింది. “లెక్కలో అసలు ఎగరవద్దని వస్తే బాగుండును” అన్నది వాళ్ళమ్మ.

ఇద్దరి మాటలలోనూ న్యాయమున్నది. ఇద్దరికీ సమాధానం చెప్పవలసిన బాధ్యత మాపై పడింది.

వెనుకకు చూసే ఉద్యోగము

ఫ్లోరిడా చట్టం ప్రకారం పడవ వెనుక మనిషిని లాగేటప్పుడు, నడిపేవారు కాక వెనుకకు చూసేందుకు మరొకరు ఉండాలి. లేకుంటే వెనుక దృశ్యమంతా కనిపించే వెడల్పాటి అద్దమైనా ఉండాలి. లాగబడే వారు తేలే జాకెట్టు ధరించాలి. సూర్యాస్తమయమైన అరగంట తరువాత నుంచి మరునాటి సూర్యోదయానికి అరగంట ముందు వరకు లాగరాదు. వెనుకకు చూసే ఆ పని మేము తీసుకున్నాము. పడవ ముందుకు పోతుంటే వెనుకకు తిరిగి, దూరాన తాడు చివర ఉన్న బిడ్డను చూస్తూ కూర్చోవడం తండ్రికి తగిన ఉద్యోగమే అనిపించింది.

సంజ్ఞలు నేర్చుకున్నాము. బొటనవేలు పైకి అంటే వేగం పెంచమని. కిందికి అంటే తగ్గించమని. తలపై తట్టుకుంటే ఇక చాలు, వెనుకకు పోదామని. పడిపోయిన తరువాత నీటిలో నుంచి చెయ్యి పైకెత్తితే క్షేమమని. పడిన క్షణానికీ, చెయ్యి లేచిన క్షణానికీ మధ్య రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ రెండు మూడు సెకన్ల పొడవు ఏ గడియారంలోనూ కనిపించదు.

లెక్క

అల్లుడు ప్రతి ఎగురుడునూ సెకనుకు 60 ఫ్రేముల చొప్పున ఫోనులో చిత్రించాడు. సాయంత్రం భోజనాల బల్ల మీద, పలక అలను వీడిన ఫ్రేము నుంచి నీటిని తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టాము. సగటున 42 ఫ్రేములు. అంటే 0.7 సెకను.

గాలిలో ఉన్న కాలం తెలిస్తే ఎత్తు తెలిసినట్లే. పైకి పోవడానికి సగం, కిందికి రావడానికి సగం. కాలాన్ని కాలంతో గుణించి, గురుత్వ త్వరణం 9.8తో గుణించి, 8తో భాగిస్తే మీటర్లలో ఎత్తు. తాడు లాగుడును, గాలి నిరోధాన్ని విడిచిపెట్టి వేసిన ఉరమర లెక్క ఇది. 0.7 సెకనుకు 60 సెంటీమీటర్లు వచ్చింది.

ఎంత కావాలి? 65 అడుగుల తాడుకు రెండు అలల మధ్య దూరం మా కంటి అంచనాకు 5 మీటర్లు. అమ్మాయి అడ్డంగా సెకనుకు 6 మీటర్ల వేగంతో దాటుతున్నది. అంటే గాలిలో 0.83 సెకను, అనగా 50 ఫ్రేములు ఉండాలి. దానికి ఎత్తు 85 సెంటీమీటర్లు. కొరత 25 సెంటీమీటర్లు మాత్రమే. జానెడు!

ఈ జానెడు ఎక్కడ నుంచి తేవాలి? కాళ్ళ నుంచి అనుకోవడం సహజము. కాని నేల వంటి ఆధారం నీటిలో లేదు. కాళ్ళతో తన్నితే పలక కిందికి దిగబడి సగం శక్తి నీటి పాలవుతుంది. ఇక పడవను చూడండి. అది గంటకు 22 మైళ్ళ వేగంతో, అంటే సెకనుకు 9.8 మీటర్లు పోతున్నది. తాడులో 60 కిలోల లాగుడు ఉన్నదనుకుంటే పడవ సెకనుకు సుమారు 5,760 జౌళ్ళ పని చేస్తున్నది. పలకతో సహా 60 కిలోల మనిషి ఒక మీటరు ఎత్తు లేవడానికి కావలసినది 590 జౌళ్ళు. అంటే పడవ సెకనులో పదో వంతు కాలంలో చేసే పని. కనుక శక్తికి లోటు లేదు. ఆ శక్తిని పైదిశకు తిప్పుకోవడంలోనే కిటుకంతా ఉన్నది.

తిప్పేది పలక అంచు. పలకను ఒక అంచుపై వాల్చి నీటిని కోస్తూ పడవ లాగే దిశకు అడ్డంగా పోతున్నప్పుడు తాడు ఒకవైపు లాగుతుంది, నీరు పలకను రెండవవైపు నెడుతుంది. మధ్యనున్న మనిషి బిగించిన విల్లులా ఉంటాడు. ఆ బిగువుతోనే అల వాలును ఎక్కితే, నీటి నెట్టుడు వాలు వెంట పైకి తిరుగుతుంది. అల శిఖరాన నిటారుగా నిలబడితే ఆ నెట్టుడు అంతా శరీరాన్ని పైకి లేపుతుంది. అలకు ముందే అంచు వదిలి పలకను సమతలంగా పరిస్తే విల్లు అక్కడే సడలిపోతుంది. మోకాళ్ళు మడిస్తే బండి చక్రాల స్ప్రింగు గతుకును మింగినట్లు, మోకాళ్ళు అలను మింగివేస్తాయి. ఎత్తు రాదు.

వీడియోను మళ్ళీ నెమ్మదిగా నడిపి చూశాము. పలక అలను వీడడానికి 9 ఫ్రేముల ముందు దాని అడుగు పూర్తిగా నీటిపై పరచుకొని ఉన్నది. అదే సమయంలో ఎడమ మోకాలు మడత పడుతున్నది. ఒక ఎగురుడులో కాదు, చూసిన పదకొండింటిలోనూ అంతే. దూరం నుంచి వేగంగా వచ్చినవాటిలో ఆ మడత ఇంకా ముందే మొదలవుతున్నది.

అమ్మాయి చాలాసేపు ఆ ఫ్రేమును చూస్తూ ఉండిపోయింది. “నేను వదులుతున్నట్లు నాకు తెలియదు నాన్నా” అన్నది. నిజమే. బుద్ధికి తెలియకుండా మోకాలు తనను తాను కాపాడుకుంటున్నది. రెండేళ్ళ క్రితపు నొప్పి సెకనులో ఏడో వంతు కాలం ముందుగా వచ్చి ఆమె అంచును విడిపిస్తున్నది. పోయిన జానెడు ఎత్తు ఆ తొమ్మిది ఫ్రేములలో ఉన్నది.

తల్లి ప్రశ్న

అప్పుడు మా శ్రీమతి అడిగిన ప్రశ్న లెక్కను మలుపు తిప్పింది. “అది భయపడి మడుచుకుంటోంది సరే. ఆ భయం అబద్ధమా?” అన్నది.

అబద్ధం కాదు. మీటరు ఎత్తు నుంచి దిగిన మనిషి మోకాళ్ళు, నడుము వంచి 40 సెంటీమీటర్లలో ఆగితే, ఆ కాలమంతా కాళ్ళపై పడే సగటు భారం దేహ భారానికి మూడున్నర రెట్లు. బిగుసుకొని 10 సెంటీమీటర్లలో ఆగితే పదకొండు రెట్లు. ఇది సమతలమైన నీటికి. వాలుగా దిగిపోతున్న నీటిపై దిగితే, పడే వేగంలో కొంత భాగం వాలు వెంట జారిపోయి దెబ్బ తగ్గుతుంది. ఎదురుగా లేచి వస్తున్న వాలును ఢీకొంటే పెరుగుతుంది.

అమ్మాయి 0.7 సెకనులో 4.2 మీటర్లు పోయి దిగుతున్నది. రెండవ అల శిఖరం 5 మీటర్ల దగ్గర ఉన్నది. అంటే ప్రతిసారీ ఆ అల ఎదురు వాలు మీదనే దిగుతున్నది. మోకాలికి అంతకన్న చెడ్డ చోటు లేదు. శిఖరాన్ని అర మీటరు దాటితే అవతలి పల్లపు వాలు ఆమెను ఎత్తుకున్నట్లు దించుతుంది. మరీ దాటిపోయి సమతలమైన నీటిలో దిగితే మళ్ళీ ప్రమాదమే. ఇవన్నీ కాగితం మీద గీసి చూపాము.

మా శ్రీమతి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “అయితే అరకొరగా ఎగరడం కన్న నిండుగా ఎగరడమే మేలన్నమాట. కాని ఆ పల్లానికి మించి ఒక్క అంగుళం వద్దు” అన్నది. మేము మూడు కాగితాలలో తేల్చిన దానిని ఆమె రెండు వాక్యాలలో చెప్పింది. ఆపై ఇంకొక మాట కూడా అన్నది: “హనుమంతుడు సముద్రం దాటే ముందు మహేంద్రగిరిని పాదాలతో అదిమాడు. కొండ నలిగి నీళ్ళు చిమ్మాయి. లేచేముందు అదమాలి, అది చివరి దాకా అదమడం లేదు.” సుందరకాండ పారాయణ చేసే ఇల్లాలికి అంచు బిగువు సంగతి విడమరచి చెప్పనక్కర లేకపోయింది.

తాడు కుదించుట

మరునాడు చేసిన మొదటి పని తాడును 65 నుంచి 55 అడుగులకు కుదించడము. పడవ వేగాన్నీ కొంచెం తగ్గించాము. అలల మధ్య దూరం అదే నిష్పత్తిలో తగ్గిందనుకుంటే 4.2 మీటర్లు. ఇప్పటి ఎగురుడుతోనే దాదాపు శిఖరానికి చేరవచ్చు. మోకాలికి ముందు కావలసినది ఎత్తు కాదు, నమ్మకము. మంచి చోట దిగితే నొప్పి లేదని అది తానుగా తెలుసుకోవాలి.

రెండవది, దూరం నుంచి వేగంగా రావడం మానడము. అలకు నాలుగైదు మీటర్ల అవతల నుంచే బయలుదేరాలి. మొదట మెల్లగా, అంచును లేశమాత్రంగా వాల్చి రావాలి. అల దగ్గరయ్యే కొద్దీ వాలు పెంచుతూ పోవాలి. అన్నిటికన్న గట్టి వాలు అల పాదం దగ్గర ఉండాలి. ఆరంభంలోనే బలమంతా పెడితే తాడులో ఒక కుదుపు వచ్చి, అల చేరేసరికి తాడు సడలి వేలాడుతుంది. క్రేను మీద పనిచేసిన వారికి ఇది కొత్త కాదు. ముందు తాడు సడలును మెల్లగా తీస్తాము, భారాన్ని జానెడు లేపి చూస్తాము, తరువాతనే ఎత్తుతాము. హఠాత్తుగా పడిన భారం నిదానంగా పెట్టిన భారానికి రెండింతల ఒత్తిడి కలిగిస్తుందని పదార్థ దృఢత్వ శాస్త్రంలో మొదటి సంవత్సరమే చదువుకుంటాము.

మూడవది, పిడిని తుంటి దగ్గర ఉంచుకోవడము. చేతులు చాచితే గాలిలో ఉన్నప్పుడు తాడు భుజాలను ముందుకు లాగి మనిషిని వంచుతుంది. నాలుగవది, చూపు. అలను చూస్తే నడుము వంగుతుంది. అందుచేత అవతలి గట్టున నాచు వేలాడుతున్న ఒక సైప్రస్ చెట్టును గుర్తుగా పెట్టుకున్నాము. అల శిఖరాన దూకడమనే మాటనే మరచిపొమ్మని చెప్పాము. “దూకవద్దు తల్లీ, లేచి నిలబడు. అంతే” అన్నాము. అల్లుడు ఒక మాట జోడించాడు: “నీకు అంచు వదలాలనిపించిన చోట, ఇంకొక్క అంకె లెక్కపెట్టి నిలబడు.”

ఆ ఇంకొక్క అంకె చెప్పడం సులభము. మొదటి రోజు అయిదుసార్లు పడింది. అయిదుసార్లూ ఆ చెయ్యి లేచేదాకా మేము ఊపిరి బిగబట్టాము. మూడవ సారి చెయ్యి లేవడం ఆలస్యమయింది. పట్టీ వదులైతే సరిచేసుకుంటున్నదట. పడవ తిప్పి దగ్గరకు పోయేసరికి మా అల్లుడి ముఖం కూడా పాలిపోయి ఉన్నది. ఆ పిల్లవాడు రెండేళ్ళ క్రితం ఆమెను నీటిలో నుంచి ఎత్తుకొని వచ్చినవాడని అప్పుడు మాకు స్ఫురించింది. ఆ పది నెలలు మేము లేని చోట అతడు ఉన్నాడు. మాట్లాడకుండా అతని భుజంపై చెయ్యి వేశాము.

రెండవ వారంలో 55 అడుగుల దగ్గర పల్లపు వాలు మీద మొదటిసారి దిగింది. చప్పుడు కాలేదు. అంతవరకు ప్రతిసారీ ‘ధబ్’మని వినిపించిన నీరు ఈసారి ‘సర్’మన్నది. ఆ తేడా వీడియో అక్కరలేకుండానే మా చెవికి తెలిసింది. మూడవ వారంలో 60 అడుగులు. నాలుగవ వారంలో 65. ఆఖరి ఆదివారం నాటి వీడియోలో 54 ఫ్రేములు లెక్కకు వచ్చాయి: 0.9 సెకను, మీటరుకు ఒక సెంటీమీటరు తక్కువ. దిగిన చోటు శిఖరానికి అవతల, పల్లంలో. సమతలంగా పరచుకొన్న ఆ తొమ్మిది ఫ్రేములలో ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. మిగలనీ అన్నాము. ఆ రెండు ఫ్రేముల భయం ఉండదగినదే.

70 అడుగులకు తాడు వదులుదామా అని అమ్మాయి అడగబోయి తానే ఆగింది. “ఈ వేసవికి 65 చాలు నాన్నా” అన్నది. ఆ మాట మాకు 54 ఫ్రేముల కన్న ఎక్కువ సంతోషం కలిగించింది.

చివరి మాట

ఈ ఆట పట్ల ఆసక్తి గల పిల్లలు విదేశాలలో ఉన్న సహోద్యోగులు మనలో చాలామంది ఉన్నారు. వారి కొరకు నాలుగు ముక్కలు. తేలే జాకెట్టు లేనిదే పలక ఎక్కనీయరాదు. ఇంజను నడుస్తున్నప్పుడు పడవ వెనుక అంచున కూర్చోరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. ఎత్తు కావాలనుకునేవారు తాడు పొడిగించే ముందు పొట్టి తాడుపై దిగడం నేర్చుకోవాలి. వేగం, బరువు, బలం పెంచడం ఆ తరువాతి సంగతి. మోకాలికి చికిత్స జరిగిన వారు డాక్టరు అనుమతినే కాక మోకాలి అనుమతిని కూడా అడగాలి. అది ఫ్రేములు లెక్కపెడితే తప్ప సమాధానం చెప్పదు.

మా వృత్తిలో ముప్పై ఏళ్ళుగా భారాలను ఎత్తించాము. ఎత్తడమంటే బలమని కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అనుకుంటారు. బలం యంత్రానిది, అది ఎప్పుడూ కావలసిన దానికన్న ఎక్కువే ఉంటుంది. ఆ బలం భారాన్ని చేరే దాకా బిగువు సడలకుండా, తొందరపడకుండా పట్టి ఉంచడమే మనిషి చేయగలిగిన పని. మా అమ్మాయి ఆ పనిని ఒక సెకనులో ఏడో వంతు కాలంలో నేర్చుకోవలసి వచ్చింది.

మేము తిరిగి వచ్చి విధులలో చేరిన తరువాత ఆ వేసవి అంతా ప్రతి సోమవారం ఉదయానికి ఫోనులో ఒక వీడియో వచ్చి ఉండేది. మేము ఫ్రేములు లెక్కపెట్టేవారము. మా శ్రీమతి మాత్రం ఎగురుడును వదిలేసి, వీడియోను ఆఖరు దాకా జరిపి, నీటిలో నుంచి చెయ్యి పైకి లేచిందో లేదో ముందు చూసుకునేది.